నాలుగు గాట్ల నట్టు

మోటార్ సైకిల్ క్లచ్చు నడిమధ్యన, గేరుబాక్సు మెయిన్ షాఫ్టు కొసకి ఒక నట్టు ఉంటుంది. క్లచ్ సెంటర్‌ని షాఫ్టుకి పట్టి ఉంచేది అదే. అది వదులైతే సెంటర్ ఊగుతుంది, లోపలి పళ్లు అరుగుతాయి, పూర్తిగా ఊడితే కవరుని తినేస్తుంది. అందుకని దానికి తాళం వేస్తారు. యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్లలో నట్టు కింద రేకు వాషరు ఉంటుంది, దాని చెవిని నట్టు పలక మీదికి మడుస్తారు. కొన్ని కొత్త బండ్లలో నట్టు అంచునే షాఫ్టు గాడిలోకి కొట్టి నొక్కుతారు. మన ఊళ్లలో ఎక్కువగా తిరిగే హోండా తరహా చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆరు పలకల నట్టే ఉండదు. గుండ్రటి నట్టు, దాని తల మీద నాలుగు గాట్లు. మామూలు పానా దానికి పట్టదు, గాట్లలో కూర్చునే నాలుగు పళ్ల సాకెట్టు టూలు కావాలి. పానా పట్టకపోయేసరికి చాలా షెడ్లలో చెయ్యి ఉలి మీదికి పోతుంది.

ఆ ఉలి గురించే ఈ సంవాదం. ఒకరు విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపే పెద్ద మేస్త్రీ. రెండో వ్యక్తి ఆయన మేనల్లుడు, ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చెబుతాడు. నేను ఎవరి పక్షమో చివర్లో చెబుతాను.

మేనల్లుడు: మావయ్యా, ఈ నట్టు చూడు. మూడు గాట్ల అంచులు మాసిపోయాయి. నాలుగోది విప్పే వైపు వాలిపోయింది. దీన్ని ఎవరూ టూలు పెట్టి విప్పలేదు. ఉలే.

మావయ్య: ఉలే. అయితే ఏంట్రా? ఊడింది, మళ్లీ బిగిసింది, బండి తిరిగింది.

మేనల్లుడు: ఊడిందని నువ్వంటున్నావు. ఎలా ఊడిందో చూడమని నేనంటున్నాను. గాటు అంచు మీద ఉలి పడ్డప్పుడు బలమంతా తిప్పడానికే పోదు. కొంత నట్టుని లోపలికి నొక్కుతుంది. లోపల మర ఉంది. ఆ చోట మర షాఫ్టు మరని కరుచుకుంటుంది. ఇప్పుడు అదే నట్టుని తిప్పితే షాఫ్టు మరని గీసుకుంటూ వస్తుంది. మళ్లీ బిగిస్తే ఇంకా కరుచుకుంటుంది. ఈ బండి ఈసారి నీకు మొండికేసిందంటే, పోయినసారి విప్పినవాడు దాన్ని మొండిగా చేసి పంపాడు.

మావయ్య: ఉలి పట్టడం రానివాడి సంగతి అది. పదునైన ఉలి పెడితే లోహాన్ని కోస్తుంది, తిప్పదు. నేను పెట్టేది మొద్దు కొస ఉన్న ఇనుప ముక్క. గాటు పక్క గోడకి ఆనించి, నట్టు చుట్టూ తిరిగే దారిలో కొడతాను, పైనుంచి కాదు. అది కూడా కిలో సుత్తితో ఒకే దెబ్బ. చిన్న సుత్తితో టకటకా పాతిక దెబ్బలు కొట్టేవాడే అంచుని మాపేది. ఇంకో మాట. విప్పే వైపు కొట్టే ముందు బిగించే వైపు ఓ తట్టు తడతాను. పట్టు అక్కడే విడుతుంది. ఇది మీ ఐటీఐలో చెబుతారా?

మేనల్లుడు: చెప్పరు. నేను చెబుతాను, నీ దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి. కానీ నువ్వు కొట్టినట్టు కొట్టేవాళ్లు ఈ వీధిలో ఎంతమంది? చెయ్యి తిరిగినవాడి పద్ధతిని అందరికీ పద్ధతిగా పెడితే దెబ్బ తినేది బండే. పైగా ఉలి కొస నుంచి, నట్టు అంచు నుంచి ఉక్కు పెచ్చులు రాలతాయి. కింద గుడ్డ పరిచేవాడు ఎంతమంది? ఆ పెచ్చులు నేరుగా ఆయిల్లోకి, ఆయిల్ జాలీలోకి, అదృష్టం బాగోకపోతే గేరు పళ్ల మధ్యలోకి పోతాయి.

మావయ్య: సరే, నీ టూలు పెట్టు. గాటు లోతు చూశావా? పళ్లు ఆనీ ఆననట్టు ఉంటుంది. చెయ్యి కాస్త వాలితే టూలు పైకి లేస్తుంది. లేచిన ప్రతిసారీ అంచు తింటుంది. ఆపైన టూలు తిన్న నట్టుకీ ఉలి తిన్న నట్టుకీ తేడా ఏంటి?

మేనల్లుడు: అందుకే ఒక్క హ్యాండిల్‌తో తిప్పకూడదు. ఒక అరచెయ్యి నిలువుగా అదిమి పట్టాలి, రెండో చెయ్యి తిప్పాలి. అలాగే రాకపోతే చేతి ఇంపాక్ట్ డ్రైవరు కొసకి ఆ నాలుగు పళ్ల సాకెట్టు తగిలించి, దాని నెత్తి మీద సుత్తితో కొట్టు. దెబ్బ పడగానే సాకెట్టుని కిందికి నొక్కుతూ, అదే క్షణంలో తిప్పుతుంది. లేవడానికి వీలుండదు.

మావయ్య: అంటే నువ్వూ సుత్తి దగ్గరికే వచ్చావు.

మేనల్లుడు: వచ్చాను. మొండి నట్టుకి దెబ్బ కావాలి, ఆ మాట నేనెప్పుడూ కాదనలేదు. మెల్లగా లాగితే నట్టుతో పాటు సెంటరూ షాఫ్టూ కూడా తిరగబోతాయి. దెబ్బ పడితే అంత బరువు కదిలేలోపే నట్టు కదిలిపోతుంది. ఆ దెబ్బ నాలుగు గాట్ల మీదా సమంగా పడాలి. ఉలితో ఒక్క గాటు మీదే పడుతుంది. నా పేచీ అంతా అక్కడే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. క్లచ్చు ప్లేట్లు మార్చాలంటే అన్ని బండ్లలోనూ ఈ నట్టు విప్పక్కర్లేదు. ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటిలో ప్రెషర్ ప్లేటు బయటి వైపు ఉంటుంది. స్ప్రింగు స్క్రూలు తీస్తే అది ఊడి వస్తుంది, వెనకాలే ప్లేట్లన్నీ చేతికి వస్తాయి. నట్టు జోలికి పోవాల్సింది ప్లేట్లని బయటి నుంచి పట్టే బాస్కెట్ వేళ్లకి గాట్లు పడ్డప్పుడు, వెనకాల గేరు బుష్షు అరిగినప్పుడు, ఇంకా లోపలి పనులున్నప్పుడు. హోండా తరహాలో అమరిక తిరగబడి ఉంటుంది. ప్రెషర్ ప్లేటు లోపలి వైపు, సెంటరు బయటి వైపు. ప్లేట్లు ఆ రెంటి మధ్యన ఇరుక్కుని ఉంటాయి. నట్టు తీస్తే తప్ప ఒక్క ప్లేటూ రాదు. కనుక ప్లేట్లు అరిగిన ప్రతిసారీ ఆ నట్టు తిప్పక తప్పదు. ఎక్కువసార్లు విప్పాల్సిన నట్టుకే మామూలు పానా పట్టకపోవడం వల్ల, దెబ్బలు తిన్న గాట్లు మనకి ఇన్ని కనిపిస్తున్నాయి. ఈ లెక్కన ఆ నాలుగు పళ్ల టూలు అన్ని షెడ్లలోనూ ఉండాల్సిన వస్తువు. ఇక మావయ్య మాట విందాం.

మావయ్య: టూలు లేదని ఎవడన్నాడు? ఇదిగో. పాత సాకెట్టు మూతిని గ్రైండింగ్ రాయి మీద పెట్టి నాలుగు పళ్లు తీశాను. తీస్తున్నంతసేపూ నీళ్లలో ముంచుతూ తీశాను, నీలం రంగు ఎక్కితే ఉక్కు మెత్తబడుతుంది కాబట్టి. కొన్నది కాదు కనక నీకు కనబడలేదు.

మేనల్లుడు: పళ్లు బాగున్నాయి. మరి ఇది ఉండగా ఉలెందుకు?

మావయ్య: ఎందుకంటే టూలుతో తిప్పితే సెంటరూ తిరుగుతుంది. దాన్ని పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి. ఉలి దెబ్బకి అక్కర్లేదు. నా షెడ్డులో కుర్రాళ్లు మానేసి ఎన్నాళ్లయింది! అందరూ ఫుడ్ డెలివరీలకి పోయారు.

మేనల్లుడు: అసలు సంగతి ఇప్పుడొచ్చింది. విప్పడం కష్టం కాదు, పట్టి ఉంచడమే కష్టం. మొన్న మా పిల్లల్లో ఒకడు ప్రైమరీ గేరుకీ క్లచ్చు గేరుకీ మధ్య రాగి ముక్క ఇరికించి, సెంటర్ నట్టు మీద బలం పెట్టాడు. సెంటరు గిర్రున తిరిగింది. వాడికి అర్థం కాలేదు.

మావయ్య: ఎలా అవుతుంది? రాగి ముక్క పట్టేది బాస్కెట్‌ని. బాస్కెట్‌కీ సెంటర్‌కీ మధ్య ఉన్నవి ప్లేట్లు. స్ప్రింగులు తీసేశాక ప్లేట్లు వదులైపోతాయి, ఇక బాస్కెట్‌ని ఎంత గట్టిగా పట్టినా సెంటర్‌కి సంబంధం లేదు. రాగి ముక్క క్రాంకు వైపున్న ప్రైమరీ గేరు నట్టుకి పనికొస్తుంది. స్పార్క్ ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దోపి పిస్టన్ ఆపే పద్ధతి కూడా అంతే. సెంటర్ నట్టుకి వెనక బ్రేకు వాడాలి.

మేనల్లుడు: ఎలాగో చెప్పు, మా పిల్లలకి అప్పజెబుతాను.

మావయ్య: సెంటరు మెయిన్ షాఫ్టు మీద ఉంది. షాఫ్టు నుంచి గేర్ల మీదుగా చిన్న స్ప్రాకెట్టుకి, అక్కడి నుంచి చైనుతో వెనక చక్రానికి. చైను ఉండాలి, బండి టాప్ గేర్లో ఉండాలి, ఒకడు వెనక బ్రేకు మీద నిలబడాలి. ఫస్టు గేర్లో పెట్టామంటే నట్టు మీద పెట్టిన బలం చాలా రెట్లు పెరిగి చక్రం దగ్గరికి పోతుంది, బ్రేకు ఆగదు. టాప్‌లో తక్కువ పెరుగుతుంది.

మేనల్లుడు: అది నిజం. కానీ ఆ దారిలో ఎన్ని సందులున్నాయో లెక్క పెట్టుకో. గేరు పళ్ల సందు, చైను వదులు, టైరు రబ్బరు. నువ్వు కొట్టిన దెబ్బని అవన్నీ కొంచెం కొంచెం మింగుతాయి. మిగిలింది గేరు పళ్ల మీదే పడుతుంది. పట్టుకోవాల్సింది సెంటర్‌నే, అదీ నేరుగా. యమహా వాళ్లు యూనివర్సల్ క్లచ్ హోల్డరని రెండు కాళ్ల టూలు ఇచ్చింది అందుకే.

మావయ్య: కంపెనీ టూలు దాకా ఎందుకు? ప్రెషర్ ప్లేటు బయటి వైపున్న బండ్లకి పాత క్లచ్చు స్టీలు ప్లేటు ఒకటి తీసుకో. దాని లోపలి పళ్లు సెంటర్ పళ్లలో సరిగ్గా కూర్చుంటాయి, అందుకే చేసిన వస్తువు కదా. దానికి మూరెడు ఇనుప పట్టీ వెల్డింగ్ చెయ్యి. సెంటర్‌కి తొడిగి, పట్టీని ఫుట్‌రెస్టు రాడ్డుకి ఆనించు. హోండా తరహాలో సెంటరు బయటి వైపు కనక ప్లేటు తొడగడం కుదరదు, పట్టీకి రంధ్రాలు పెట్టి స్ప్రింగు స్తంభాలకి బోల్టులతో బిగించు. రెండో మనిషి అక్కర్లేదు.

మేనల్లుడు: ఇది నీకు తెలిసి, చేతిలో పెట్టుకుని, ఉలి పడుతున్నావు.

మావయ్య: నాలుగు బండ్లకి నాలుగు కొలతలు. ఒకదాని పట్టీ ఇంకోదానికి కూర్చోదు. గోడకి పది పట్టీలు వేలాడదీసుకోవాలి.

మేనల్లుడు: వేలాడదీసుకో. నీ షెడ్డుకి వచ్చే బండ్లలో ఎక్కువ భాగం నాలుగైదు రకాలే. పాత ప్లేట్లు నీ డబ్బాలోనే పడి ఉన్నాయి.

ఈ ఒక్కచోటా మావయ్య కాసేపు మాట్లాడలేదు. తరవాత ఆయన ఎత్తుకున్నది గాలితో నడిచే గన్ను సంగతి, దానికి మేనల్లుడి దగ్గర తేలికైన జవాబు లేదు.

మావయ్య: నువ్వు ఉలిని తిడుతున్నావు కానీ, ఈమధ్య నా దగ్గరికొచ్చే మొండి నట్లలో సగం ఉలి మొహం చూడనివి. ఎయిర్ గన్నుతో బిగించినవి. ట్రిగ్గరు నొక్కి, అది టర్రుమన్నంతసేపూ పట్టుకుని వదిలేస్తారు. నట్టు కింద తాళం వాషరు ఎలా ఉంటుందిరా?

మేనల్లుడు: కొంచెం ఎత్తుగా, గిన్నె వాలు ఉంటుంది. బయటి వైపు రావాల్సిన పక్క గుర్తు వేసి ఉంటుంది. ఆ వాలే స్ప్రింగులా నట్టుని ఎప్పుడూ నొక్కి పెడుతుంది.

మావయ్య: గన్ను దెబ్బకి ఆ వాలు పోయి పళ్లెంలా అవుతుంది. తిరగేసి వేస్తే అసలే పని చేయదు. మరి నట్టు? మర సాగుతుంది. నువ్వు చెప్పిన కరుచుకోవడం ఉలితోనే కాదు, గన్నుతోనూ వస్తుంది. గన్ను వాడేవాణ్ని ఎవరూ మొరటువాడనరు. మిషను కదా.

మేనల్లుడు: విప్పడానికి గన్ను మంచిదే. సెంటర్‌ని తేలిగ్గా పట్టుకున్నా చాలు, దాని చిన్న చిన్న దెబ్బలకి నట్టు వదిలేస్తుంది. బిగించడానికి మాత్రం వద్దు. ఇది ఒప్పుకుంటాను.

మావయ్య: ఒప్పుకుంటే సరా? బిగించేటప్పుడు చెయ్యి సరిగ్గా ఉంటే విప్పేటప్పుడు ఉలీ అక్కర్లేదు, గన్నూ అక్కర్లేదు. నా చెయ్యే నాకు టార్క్ రెంచి.

మేనల్లుడు: నీ చెయ్యి ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది మావయ్యా. లెక్క చూడు. పావు మీటరు పిడి మీద ఇరవై కిలోల బలం పెడితే నట్టు మీద 5 కిలోగ్రాం-మీటర్లు, అంటే దాదాపు 50 న్యూటన్ మీటర్లు. అదే చెయ్యి, అదే ఇరవై కిలోలు, మీటరు పైపు తగిలిస్తే 20 కిలోగ్రాం-మీటర్లు. నీకు చేతిలో తేడా తెలియదు. షాఫ్టు మరకి తెలుస్తుంది. పైపు వేసే ముందు మర ఏ వైపో కూడా చూడాలి. కొన్ని ఇంజన్లలో ప్రైమరీ గేరు నట్టుకి ఎడమ మర ఉంటుంది. షాఫ్టుని నిలువుగా పెట్టి చూస్తే మామూలు మర కుడి వైపుకి ఎక్కుతూ కనిపిస్తుంది, ఎడమ మర ఎడమకి. ఒక్క క్షణం వంగి చూస్తే తెలిసే సంగతి.

మావయ్య: చూడకుండా పైపు వేసేవాణ్ని నేనూ షెడ్డులోకి రానివ్వను. అంచు నొక్కిన నట్టుని ఆ నొక్కు లేపకుండా తిప్పేవాణ్నీ అంతే. ఆ నొక్కు షాఫ్టు గాడిలోంచి మర మీదికి ఎక్కి దారి పొడుగునా చీల్చుకుంటూ వస్తుంది.

మేనల్లుడు: మరి వేడి సంగతి? గ్యాస్ మంట పెట్టేవాళ్లున్నారు.

మావయ్య: క్లచ్చు దగ్గర మంటా? ఆయిలు తడి, జిగురుతో అంటించిన ప్లేట్లు. ఎర్రబడిందంటే షాఫ్టు ఉక్కు గట్టితనమూ పోతుంది. నేను పెట్టను.

మేనల్లుడు: నేనూ పెట్టను. నట్టుని 100 డిగ్రీలు వేడెక్కిస్తే 20 మిల్లీమీటర్లకి 0.024 మిల్లీమీటరు పెరుగుతుంది. నట్టు ఒక్కటే వేడెక్కితే అదే చాలు. మంటతో నట్టు ఒక్కటే వేడెక్కదు, చుట్టూ ఉన్నవన్నీ వేడెక్కుతాయి. వేడి గాలి గన్ను వరకైతే సరే. ఇక ఏదీ పని చేయకపోతే నట్టుని కోసేస్తాను.

మావయ్య: అదుగో. నాకు నీతో పడనిది అక్కడే. నేను ఇంతవరకూ నట్టు కోయలేదు. నట్టు కోశానంటే నాకు పని రానట్టు. పైగా కోసేశాక కొత్త నట్టేది? నూజివీడు అవతల పల్లెలో పాలు పోసుకునే మనిషి బండి. పొద్దున్నే నాలుగింటికి ఆయనకి బండి కావాలి. సామాన్ల షాపులో ఆ నట్టు దొరికేసరికి రెండ్రోజులు. ఆ రెండ్రోజులు ఆయన పాలు ఎవరు పోస్తారు? గాటు మాసిన నట్టుతోనైనా సరే, బండి ఆ సాయంత్రం ఇంటికి పోవాలి. రిపేరు పుస్తకం రాసినవాడికి ఆ పాలమనిషి తెలియదు.

మేనల్లుడు: ఆ పాలమనిషి కోసమే నేనూ మాట్లాడుతున్నాను. నట్టు ఖరీదెంత? కప్పు టీ, రెండు ఇడ్లీ. షాఫ్టు మర పోతే? ఇంజను కిందికి దించాలి, కేసు రెండు ముక్కలు చెయ్యాలి, గేర్లన్నీ బయటికి తియ్యాలి, షాఫ్టు మార్చాలి. ఆయనకి పోయేది రెండ్రోజులు కాదు, వారం. ఈ రెంటి మధ్య దేన్ని కాపాడాలో చెప్పు. నట్టు కోయడం పని రాకపోవడం కాదు. షాఫ్టుకి సమాంతరంగా, నట్టు పలుచగా ఉన్న ఒక వైపు, మరని తాకకుండా సన్న రంధ్రం వేస్తాను. కింద గుడ్డ, చుట్టూ గ్రీజు, రజను అంతా దానికే అంటుకోవాలి. ఎదురు వైపు కూడా అలాగే. అప్పుడు నీ ఉలి ఇవ్వు. ఒక్క దెబ్బకి నట్టు విచ్చుకుంటుంది, మరకి గీత కూడా పడదు. ఉలికి సరైన పని అది.

మావయ్య: మరి ఆ సాయంత్రానికి నట్టు?

మేనల్లుడు: నీ దగ్గరే ఉండాలి. క్లచ్చు ప్లేట్లు అరడజను సెట్లు స్టాకు పెట్టుకుంటావు. వాటి పక్కనే అరడజను నట్లు, వాషర్లు పెట్టుకో. ప్లేట్లు ఏ బండికి కొన్నావో, నట్లూ ఆ బండికే.

మావయ్య: కొత్త నట్టు వేయమని ఎవరూ అడగరు కదరా. పాతది బాగానే ఉంది కదా, కొత్తదెందుకు రాశావని దెబ్బలాడతారు.

మేనల్లుడు: అడిగేలా చెప్పాలి మనం.

వాళ్ల మాటలు ఇంకా సాగాయి, కొత్త విషయం రాలేదు కనుక వదిలేస్తున్నాను. నా తీర్పు ఇది. బిగింపు గురించి మావయ్య అన్నది నూటికి నూరు పాళ్లూ నిజం. మొండి నట్టు చాలాసార్లు పోయిన రిపేరులోనే తయారవుతుంది. గుడ్డి గన్ను వల్లనో, తిరగేసిన వాషరు వల్లనో, ఉలి తిన్న మరని మళ్లీ అలాగే బిగించడం వల్లనో. తట్టి వదులు చేసే ఆయన చేతి నేర్పుని ఏ టూలూ ఇవ్వలేదు, అది కుర్రాళ్లకి అందకుండా పోకూడదు. కానీ నట్టుని కాపాడాలనే ఆయన పట్టుదల తప్పు. కాపాడాల్సింది షాఫ్టుని. ఆ విషయంలో మేనల్లుడితోనే ఉన్నాను. పట్టీ ఉపాయం మావయ్యదే, నాలుగు పళ్ల సాకెట్టు ఆయన చేతుల్తో చేసిందే. అవి గోడ మీద ఉంటే గాటు మీద ఉలి పెట్టడానికి కారణం లేదు.

షెడ్డు నడిపేవారికి ఒక విన్నపం. మీ దగ్గరికి ఎక్కువగా వచ్చే బండ్ల లెక్కన సెంటరు తిరక్కుండా పట్టే పట్టీలు చేయించి పెట్టుకోండి. బండి నడిపేవారికి ఇంకొకటి. ఈసారి క్లచ్చు ప్లేట్లు మార్పించేటప్పుడు పాత నట్టు, పాత వాషరు చూపించమని అడగండి. గాట్లు మాసి ఉంటే, వాషరు చదునైపోయి ఉంటే కొత్తవి వేయమనండి. ఆ డబ్బు బిల్లులో కనిపిస్తే బేరమాడకుండా ఇచ్చేయండి.